చిలెంబ వాళ్లమ్మ

ప్రొద్దుటూరు మెయిన్ బజారు వెనకసందులో మహబూబ్ బాషాకు తరిమెన కొట్టు ఉండేది. మంచంకోళ్లు, ఉయ్యాల గుంజలు, పప్పుగుత్తులు, ఎవరు ఏ చెక్క తెచ్చిచ్చినా తరిమెన మీదికెక్కించి గిరగిరా తిప్పి, ఉలి ఆనించి అద్దంలా నున్నగా తీసిచ్చేవాడు. మాట తక్కువ మనిషి. కోపం అంతకన్నా తక్కువ. అట్లాంటి మనిషికి పందొమ్మిదివందల యాభైతొమ్మిది ఎండాకాలంలో ఒక అసహ్యం పట్టుకుంది. అది మళ్లీ వదల్లేదు.

ఆ కొట్టు గూట్లో ఒక నల్లచెక్క బొమ్మ ఉండేది. జానెడున్నర ఎత్తు. నిలబడ్డ ఆడమనిషి, వీపున గుడ్డతో కట్టుకున్న పసిబిడ్డ. బిడ్డ తల పక్కకు వాలి నిద్రపోతుంటుంది. తల్లి నుదుటి మీద, చెంపల మీద సన్నటి గీతలు వరసలు వరసలుగా చెక్కి ఉంటాయి. పై పెదవిలో గుండ్రటి బిళ్ల ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. కొట్టుకొచ్చినవాళ్లు "ఇది యాడిదప్పా?" అని అడిగితే బాషా చేతిలో పని పక్కనబెట్టి చెప్పేవాడు. ఆయన పని ఆపేది ఆ ఒక్క ప్రశ్నకే.

రెండో యుద్ధంలో బాషా వంతెనలు కట్టే పటాలంలో వడ్రంగిగా బర్మా పోయాడు. చింద్విన్ నది ఒడ్డున, కలేవా అనే ఊరి దగ్గర, వీళ్ల డేరాల పక్కనే ఆఫ్రికా సిపాయిల డేరాలు ఉండేవి. అందులో చిలెంబ అని ఒకతను. మకోండే అనే జాతివాడు. వాళ్ల ఊళ్లో మగవాళ్లంతా చెక్క చెక్కుతారట. ఒక సాయంత్రం బాషా తన బాడిసకు పదును పెట్టుకుంటుంటే చిలెంబ వచ్చి ఎదురుగా కూర్చుని, ఆ బాడిసను తీసుకుని, పిడి తిప్పి చూసి, వేలితో పదును పట్టి నవ్వాడు. వాళ్ల దేశంలోనూ బాడిస ఇట్లాగే ఉంటుందని ఆ నవ్వుకు అర్థం. ఒకరి భాష ఒకరికి రాదు. పని వచ్చు. అదే చాలింది.

బర్మా అడవిలో మన తుమికి మాను లాంటి చెట్టే ఒకటి పడిపోయి ఉంటే, దాని నల్లచేవ తుండు తెచ్చి చిలెంబ నెలరోజులు ఆ బొమ్మ చెక్కాడు. ముందు గీత గీసుకోవడం లేదు, కొలత లేదు. చెక్కలో మనిషి ముందే ఉన్నట్టు, పైపొట్టు ఒలుస్తున్నట్టు ఉండేది ఆ పని. ముఖం తేలిన రోజున బొమ్మను ఎత్తి చూపించి "మామా! మామా!" అన్నాడు. మనవైపు మగవాళ్లను పిలిచినట్టు తనను మామా అంటున్నాడేమోనని బాషా "ఏం మామా?" అన్నాడు. చిలెంబ తల అడ్డంగా ఊపి, బొమ్మను చూపి, తన గుండె మీద చెయ్యేసుకుని, వీపున బిడ్డను మోసినట్టు వంగి చూపించాడు. అప్పుడు తెలిసింది, వాళ్ల మాటలో మామా అంటే అమ్మ అని. వీపున నిద్రపోయే బిడ్డ చిలెంబే.

ఆఫ్రికా పటాలం వెనక్కి పోయే రోజున చిలెంబ ఆ బొమ్మను రెండు చేతులతో పట్టుకొచ్చి బాషా చేతుల్లో పెట్టాడు. బాషా తన బాడిస ఇచ్చాడు. ఆ తర్వాత ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

పద్నాలుగేళ్లు ఆ బొమ్మ గూట్లోనే ఉంది. పొద్దునే కొట్టు ఊడ్చేటప్పుడు బాషా భార్య సైదున్నీసా దాన్ని కొంగుతో తుడిచి పెట్టేది.

యాభైతొమ్మిది మొదట్లో దక్షిణామూర్తిగారు బాషా కొట్టుకు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి కడప జిల్లా అడవుల్లో రేంజరుగా చేసి రిటైరైన మనిషి. జమ్మలమడుగులో ఒక పాత పత్తి గోదాము తీసుకుని "విజ్ఞాన విహారం" అని మ్యూజియం పెడుతున్నాడు. బొమ్మలు నిలబెట్టే పీటలకు తరిమెన పట్టిన కాళ్లు కావాలని వచ్చి, గూట్లో దీన్ని చూశాడు. చూసి కాసేపు పీటల సంగతి మరిచిపోయాడు.

"ఇది మా మ్యూజియంలో ఉండాల్సిన వస్తువయ్యా బాషా. నీ కొట్టులో ఉంటే నీ సందులోవాళ్లు చూస్తారు. మా దగ్గరుంటే నాలుగు తాలూకాలు చూస్తాయి. చేసినవాడికి పేరు రావొద్దూ?"

ఆ చివరి మాట బాషాను పట్టేసింది. సైదున్నీసాకు మాత్రం మనసొప్పలేదు.

"వాళ్లమ్మను నీకిచ్చిపాయె ఆయప్ప. నువ్వు ఇంగొకరికిచ్చేదేంది?"

"ఇచ్చేది గాదు సైదా. నలుగురు సూస్తారు. చిలెంబ పేరు రాపిస్తానంటాండాడు."

బాషా ఆ రాత్రంతా కూర్చుని ఒక తావు కాగితం నిండా రాశాడు. చెక్కినవాడి పేరు, దేశం, జాతి, బర్మాలో ఎట్లా చెక్కాడు, బొమ్మలో ఉన్నది ఎవరు, పెదవిలో బిళ్ల వాళ్ల ఆడవాళ్ల సింగారమని, మన ముసలమ్మలు ముక్కుకు బులాకీ పెట్టుకున్నట్టేనని, అన్నీ. దక్షిణామూర్తిగారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వస్తువు మ్యూజియానికి ఇచ్చినట్టు ఇంకో కాగితం మీద బాషా చేత సంతకం చేయించుకున్నాడు. బొమ్మను గోనెపట్టాలో చుట్టుకుని పోయాడు.

మ్యూజియం తెరిచిన పదిరోజులకు బాషా, సైదున్నీసా ఉతికిన బట్టలు కట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కారు. పెండ్లికి పోతున్నట్టే ఉంది ఇద్దరికీ.

గోదాములో మొదటి గదికి "కళామందిరం" అని బోర్డు. లోపల ఎర్ర ముఖమల్ గుడ్డ పరిచిన ఎత్తుపీటల మీద తెల్లటి విగ్రహాలు. యూరపు దేవతలట. బాషా దగ్గరికి పోయి చూశాడు. సున్నపుపిండితో అచ్చు పోసినవి. అచ్చు అతుకు భుజం మీద గీతలాగా కనబడుతూనే ఉంది, దాన్ని రాకి నున్నగా చేయడం కూడా చేతగాలేదు చేసినవాడికి. కింద మాత్రం అందమైన అక్షరాలతో చీటీ: అసలు విగ్రహం ఏ ఊళ్లో ఉంది, ఎవరు చెక్కారు, ఏ శతాబ్దం. పీటల కాళ్లు బాషా తీసినవే.

ఆ గదిలో చిలెంబ వాళ్లమ్మ లేదు.

రెండో గదికి "వింతల గది" అని బోర్డు. జనమంతా ఆ గదిలోనే ఉన్నారు. గాజుజాడీలో రెండుతలల దూడపిల్ల, పసుపుపచ్చ నీళ్లలో మునిగి ఉంది. దాని పక్కన గడ్డికూరిన దుమ్ములగొండి. ఆ రెంటి మధ్యన, గోడకు వీపు ఆనించి, నల్లబొమ్మ.

నోటికి ఎర్ర ఎనామిల్ పూశారు. పెదవి బిళ్ల మీద నుంచి గడ్డం దాకా, నెత్తురు కారినట్టు చుక్కలు చుక్కలుగా దించారు. మెడలో కోడిఎముకల దండ వేశారు. బిడ్డ గోడవైపు పోవడంతో ముందు నుంచి చూస్తే మూపు మీద ఎత్తుగా ఒక గడ్డ ఉన్నట్టు ఉంది, అంతే. కింద చీటీ అంటించి ఉంది: "నరమాంస భక్షకుల మంత్రగత్తె. గూనిది. ఆఫ్రికా అడవి జాతి. చేసినవారు తెలియదు."

బాషా తలగుడ్డ కొస ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ముందు దూడజాడీ వాసనేమో అనుకున్నాడు. కాదు. చీటీ మళ్లీ చదివాడు. "తెలియదు" అన్న మాట దగ్గర కళ్లు ఆగిపోయాయి. తావు కాగితం నిండా రాసిచ్చాడు కదా!

ఒక ఆడమనిషి చంకలో ఏడుస్తున్న పిల్లను బొమ్మ ముందుకు పట్టి "ఏడిస్తే ఇది మింగేస్తాది" అంటోంది. తెల్ల పంచె కట్టిన పెద్దమనిషి ఒకడు మూలన చీపురు పట్టుకుని నిలబడ్డ ఊడ్చే మనిషిని చూపించి "ఏమే తిరుపాలా, మీ యక్క మాదిరే ఉండాదే!" అన్నాడు. గది గదంతా నవ్వింది. తిరుపాలమ్మ బాగా నలుపు. ఆమె నవ్వలేదు. చీపురు కిందికి చూస్తూ నిలబడింది.

సైదున్నీసా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

జనం పలచబడ్డాక తిరుపాలమ్మ బాషా దగ్గరికొచ్చింది. ఆయన ఎవరో, ఎందుకట్లా కొయ్యబారి నిలబడ్డాడో ఆమెకు తెలియదు.

"ఏం సాయబన్నా, అట్ల సూస్తాండావు?"

"ఇది నాదక్కా. నేనిచ్చింది."

"నీదా? అట్లయితే సెప్పు. ఆ యమ్మ ఈపున బిడ్డుండాది గదా? నేను దుమ్ము తుడిసేటప్పుడు సూసినా. గూనమ్మ అంటారేంది వీళ్లు? ఈపు తిప్పి ఒక్కరన్నా సూడల్యా."

మ్యూజియంలో ఆ బొమ్మను చూసిన మనిషి ఆమె ఒక్కతే. బాషాకు ఆమె చేతులు పట్టుకోవాలనిపించింది. నేరుగా దక్షిణామూర్తిగారి గదికి పోయాడు.

"సార్, మీకు అంతా రాసిచ్చినా గదా. చిలెంబ పేరేది? ఆ రంగేంది? వాళ్లమ్మ సార్ ఆమె!"

దక్షిణామూర్తిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కూర్చోవయ్యా. నువ్వు రాసింది చదివానయ్యా, బాగానే ఉంది. కానీ ఎవరో సిపాయి వాళ్లమ్మ బొమ్మ అంటే చూడటానికి ఎవడొస్తాడు చెప్పు? మంత్రగత్తె అంటే వస్తారు. రంగు బోర్డులు రాసే కుర్రాడి చేత వేయించాను. కాస్త ప్రాణం వచ్చింది కదూ?"

"కళామందిరంలో పెడతారనుకుంటి."

దక్షిణామూర్తిగారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కళా? అది కళ ఎట్లా అవుతుందయ్యా? కళంటే వేల ఏళ్ల శాస్త్రం ఉండాలి. ఇది అడవివాళ్ల చెక్కుడు. వింత వస్తువు."

"ఆ తెల్లబొమ్మలు అచ్చులో పోసినవి సార్. అతుకు కూడా తీయల్యా. ఇది ఒకే తుండులో చెక్కినాడు, యాడా అతుకు ల్యా. నేను ముప్పై ఏండ్లు చెక్కతో బతికినా. నాకు చేతగాదు అట్లాంటి పని."

"నీకు చేతకాకపోతే కళ అయిపోతుందా?" అని నవ్వి, బాషా మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు. "సరేలే. చీటీ మారుస్తాను. రంగూ తీయిస్తాను. పో."

మొగుడూపెళ్లాలు ప్రొద్దుటూరు బస్సెక్కారు. ఇల్లు చేరాక సైదున్నీసా సంగటి పెడితే బాషా ముద్ద నోటిదాకా తీసుకుపోయి కిందపెట్టాడు. ఆ ఎర్ర చుక్కలు కళ్ల ముందే ఉన్నాయి. దక్షిణామూర్తి మీద కన్నా తన మీదే రోత ఎక్కువగా ఉంది. చిలెంబ రెండు చేతులతో ఇస్తే, తాను గోనెపట్టాలో చుట్టించి పంపాడు.

నెల దాటింది. పులివెందుల నుంచి మంచంకోళ్లకు వచ్చిన రైతు ఒకడు ఖాళీ గూటివైపు చూసి అన్నాడు. "ఈడ ఒక నల్లబొమ్మ ఉండేది గదా బాషా? అట్లాంటిదే మా ఊరి పశువుల పరసలో డేరా ఏసి సూపిస్తాండారు. టిక్కెట్టు పెట్టినారు. శానామంది ఎగబడతాండారు."

బాషా తరిమెన ఆపేశాడు. కొట్టు తలుపు వేసి, ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కాడు.

పులివెందుల పరస ఎండలో దుమ్ము లేస్తూ ఉంది. ఎద్దులు, పలుపుతాళ్లు, చెరుకుముక్కల అంగళ్లు దాటి పోతే చివర ఒక గుడారం. గుడ్డ మీద "విజ్ఞాన విహారం" అని రాసి ఉంది. ముందు ఒకడు రేకుగొట్టం నోటికి పెట్టుకుని అరుస్తున్నాడు. "రాండి! నల్ల రాక్షసిని సూడండి! మనుషుల్ని తినే జాతి! ప్రాణముండే రాక్షసి చెల్లెలు కూడా లోపలే ఉండాది! రాండి!"

బాషా లోపలికి పోయాడు. బొమ్మ ఒక డబ్బా మీద ఉంది. ఎర్రరంగు అట్లాగే ఉంది, పైన ఇంకో పూత కూడా వేశారు. డబ్బా పక్కన తిరుపాలమ్మను కూర్చోబెట్టారు. ఆమె మెడలోనూ ఒక ఎముకల దండ. ఊడ్చే పనికి అని పరసకు తీసుకొచ్చి, ఇక్కడ కూర్చోమన్నారట. కూర్చోకపోతే పనిలోకి రావద్దన్నారట. వక్కాకు నములుతున్న ఒకడు అందరినీ నవ్వించడానికి బొమ్మ మొహాన తుపుక్కున ఉమ్మేశాడు. ఆ ఎర్రటి ఉమ్ము నుదుటి గీతల్లోకి జారి, పెదవి బిళ్ల మీద నుంచి చుక్క చుక్కగా తిరుపాలమ్మ చీర కుచ్చెళ్ల మీద పడింది. నవ్వులు.

బాషా జనాన్ని తోసుకుంటూ పోయి బొమ్మను ఎత్తుకున్నాడు. ఎముకల దండ తెంపి పారేశాడు. తలగుడ్డ విప్పి మొహం తుడిచాడు. తర్వాత బొమ్మను వెనక్కి తిప్పి జనం వైపు పట్టాడు.

"సూడండప్పా! ఇదేంది? బిడ్డ! నిద్రపోతాండే బిడ్డ! మనుషుల్ని తినేది ఈమెనా? ఉమ్మిందెవుర్రా? మీ యమ్మ మొగాన ఉమ్ముతావా?"

ముందు వరసలో ఒక ముసలామె దగ్గరకొచ్చి బిడ్డ తలను వేలితో తాకి "అవునే, బిడ్డే" అంది. ఉమ్మినవాడు మాత్రం మెల్లిగా జారుకున్నాడు. వెనకనున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు టిక్కెట్టు దుడ్లు వాపసు ఇమ్మని గొట్టంవాడితో గొడవకు దిగారు. రాక్షసిని చూపిస్తామని చెప్పి బిడ్డతల్లిని చూపించారని వాళ్ల కోపం. ఆ మాట విని బాషా బొమ్మను గుండెకు ఆనించుకుని బయటికి అడుగేశాడు.

రేకుగొట్టంవాడు పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్! యాడికి తీస్కపోతాండావు? అయ్యవారి వస్తువది!"

తిరుపాలమ్మ లేచి నిలబడింది. తన మెడలో దండ తీసి వాడి చేతిలో పెట్టింది.

"ఇదీ మీ అయ్యవారిదే. ఇచ్చేయ్. ఆ బొమ్మ సాయబన్నది. నాకు దెలుసు. నేనూ పోతాండా."

ఇద్దరూ పరస దాటి బస్సుల దగ్గరికి నడిచారు. దారిలో ఆమె ఒక్క మాటే అంది. "మొగం కడుక్కోవల్ల అన్నా, యాడన్నా నీళ్లు సూడు." బోరింగు దగ్గర ఆగారు. ఆమె మొహం కడుక్కుని, చీర కుచ్చెళ్లు పిండుకుంది. తర్వాత బొమ్మను అడిగి తీసుకుని, బిడ్డకు పోసినట్టు తలమీది నుంచి మెల్లిగా నీళ్లు పోసింది.

ఎనామిల్ నీళ్లకు పోదు. ఇంటికొచ్చాక సైదున్నీసా టర్పెంటైను, పాతగుడ్డ పెట్టుకుని మూడురోజులు తుడిచింది. నోరు శుభ్రపడింది. గడ్డం శుభ్రపడింది. చెంపమీద రెండు గీతల్లో మాత్రం సన్నటి ఎరుపు ఉండిపోయింది. సన్న ఉలి పెట్టి గీకితే పోతుంది. బాషా ఉలి తీసుకుని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు.

"గీకయ్యా. ఏమవుతాది?" అంది సైదున్నీసా.

"వద్దు. అది ఆయప్ప చేతి గీత. నా ఉలి పడితే లోతు మారిపోతాది."

వారం తిరక్కుండా ప్రొద్దుటూరు పోలీసు స్టేషను నుంచి పిలుపొచ్చింది. దక్షిణామూర్తిగారు దొంగతనం కేసు పెట్టాడు. బాషా బొమ్మను గుడ్డలో చుట్టుకుని పోయాడు. దక్షిణామూర్తిగారు అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, వస్తువు ఇచ్చినట్టు బాషా సంతకం చేసిన కాగితం చేతిలో ఉంది. ఎస్సై బాషాను నిలబెట్టి, రైటరును ఫిర్యాదు చదవమన్నాడు.

రైటరు గొంతు సవరించుకుని చదివాడు. "పోయిన వస్తువు వివరము: ఆఫ్రికా మంత్రగత్తె బొమ్మ ఒకటి. ఒంటరిది, గూనిది. రక్తం కారుచున్న ఎర్రని నోరు కలది."

"యాదప్పా, తియ్యి" అన్నాడు ఎస్సై.

బాషా గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు. ఎస్సై ముందు నుంచి చూశాడు. ఎత్తి వెనక నుంచి చూశాడు. మళ్లీ ఫిర్యాదు కాగితం చూశాడు.

"ఏం సార్, ఒంటరిది అని రాసినారు. దీనికి బిడ్డుండాది. గూనంటారు, గూనేదీ? ఎర్రనోరు యాడ?"

"అదేనండీ. రంగు మేమే వేయించాం. ఇతను తీసేశాడు."

"మీరే ఏసినారా? చెక్కినోడు ఎయ్యలేదా?"

"లేదండీ. చూసేవాళ్లకు…"

"అట్లయితే అదే రాసియ్యండి. మ్యూజియంలో ఉండే వస్తువుకు రంగు పూసి, లేని గూని రాసి, టిక్కెట్టు పెట్టినామని. రాసి సంతకం పెట్టండి, నేను కేసు కట్టుకుంటా."

దక్షిణామూర్తిగారు ఎస్సై మొహం వైపు, కాగితం వైపు చూశాడు. వచ్చే నెలలో జిల్లా అధికారులు విజ్ఞాన విహారం చూడటానికి రావాల్సి ఉంది. కండువా సర్దుకుని లేచాడు. "ఒక చెక్కముక్క కోసం ఇంత దూరం ఎందుకులెండి" అని బయటికి పోయాడు.

"తీస్కపో" అన్నాడు ఎస్సై బాషాతో. ఆయనకు కళ మీద గౌరవం ఉండి కాదు. దక్షిణామూర్తి వచ్చినప్పటి నుంచి కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చోవడం నచ్చలేదు, అంతే. అది బాషాకు అర్థమయింది. గెలిచినట్టు అనిపించలేదు.

బొమ్మ మళ్లీ గూట్లోకి వచ్చింది. కొట్టుకొచ్చినవాళ్లు అడిగితే బాషా ఇదివరకటిలాగే పని ఆపి చెప్పేవాడు గాని, ముందు వాళ్ల మొహం చూసేవాడు. వింత కోసం అడిగేవాడికి "ఏమీ ల్యా, బొమ్మ" అని తరిమెన తిప్పుకునేవాడు. తిరుపాలమ్మ మ్యూజియం పని మానేసి శెనక్కాయ కూలికి పోతుండేది. ప్రొద్దుటూరు వచ్చినప్పుడల్లా కొట్టు దగ్గర ఆగి, బొమ్మను చేతిలోకి తీసుకుని కొంచెంసేపు కూర్చుని పోయేది.

వానలు పడే రోజుల్లో దక్షిణామూర్తి మనిషి ఒకడు బాషా కొట్టుకు వచ్చాడు. రేకుగొట్టంవాడే. ఏమీ జరగనట్టే మాట్లాడాడు.

"బాషామామా, అయ్యవారు పంపినారు. ఆ రాక్షసి బొమ్మ పోయినంక గదికి జనం తగ్గినారంట. అసలు బొమ్మ నువ్వే పెట్టుకో. అట్లాంటిదే ఇంగొకటి చెక్కియ్యమంటాండాడు. బిడ్డ అక్కర్లేదు. కోరపండ్లు మాత్రం బయటికి రావల్లంట. నీ చేతిపని మంచిదని అయ్యవారికి తెలుసు."

బాషా ఉలి కిందపెట్టాడు. వాడి మొహంలో ఎగతాళి ఏమన్నా ఉందేమోనని వెతికాడు. లేదు. నిజంగానే పని ఇవ్వడానికి వచ్చాడు వాడు. ఎగతాళి అయితే బాగుండుననిపించింది బాషాకు. లేచి సందులోకి పోయి ఉమ్మేసి వచ్చాడు.

"పో" అన్నాడు.

"ఏంది మామా, పని వద్దంటావా?"

"పోరా, పో. గడప దిగు."

వాడు పోయాడు. దక్షిణామూర్తి పని ఆగలేదు. పండుగకు మట్టిబొమ్మలు చేసే వాడెవడో సున్నపుపిండితో ఒకటి పోసిచ్చాడని, నల్లరంగు వేసి, కోరపండ్లు పెట్టి, అదే చీటీ కింద అదే జాగాలో నిలబెట్టారని ఆ తర్వాత తెలిసింది. జనం మళ్లీ వచ్చారు. మొదటిది ఏమయిందని ఒక్కరూ అడగలేదు.

ఆ తర్వాత చాలాసార్లు మంచంకోళ్లు బస్సు మీద వేసుకుని బాషా జమ్మలమడుగు పోయాడు. గోదాము ముందు బస్సు ఆగేది. టిక్కెట్టు కోసం నిలబడ్డ జనం కిటికీలో నుంచి కనబడేవాళ్లు, పిల్లల్ని భుజాల మీదికెత్తుకుని, నవ్వుకుంటూ. బాషా తలగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, బస్సు కదిలేదాకా రెండోవైపు పెన్న ఇసుక చూస్తూ కూర్చునేవాడు.